పనిలోంచి తీసేశాక మన ఫైల్ మన చేతికొస్తుందా? అమెరికా అనెంప్లాయ్‌మెంట్ తగాదాల్లో ఒక చిక్కుముడి

ఉద్యోగం పోయిన కొన్ని వారాలకి ఇంటికి ఒక ఉత్తరం వస్తుంది. అనెంప్లాయ్‌మెంట్ (ఉద్యోగం పోయినవాళ్లకి రాష్ట్రం ఇచ్చే భృతి) కోసం పెట్టుకున్న క్లెయిమ్‌ని తిరస్కరించామని, కారణం మిస్‌కాండక్ట్, అంటే దుష్ప్రవర్తన అని అందులో ఉంటుంది. తీసేసిన రోజు హెచ్ఆర్ వాళ్లు "పెర్ఫార్మెన్స్ సరిపోలేదు" అన్నారు. ఇప్పుడు ప్రభుత్వానికి వేరే మాట చెప్పారన్నమాట. ఏం చెప్పారు, ఏ కాగితం చూపించారు? చూద్దామంటే ల్యాప్‌టాప్, బ్యాడ్జి, ఆఫీసు ఈమెయిల్ అన్నీ ఆ రోజే తీసేసుకున్నారు. వార్నింగ్ లెటర్లు, రివ్యూలు, మేనేజర్ రాసుకున్న నోట్సు, అన్నీ కంపెనీ బీరువాలో ఉన్న పర్సనెల్ ఫైల్‌లోనే ఉండిపోయాయి.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లలో ఈ టెన్షన్ పడినవాళ్లు తక్కువేం కాదు. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్, హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద పనిచేసేవాళ్లకి లేఆఫ్ అయితే అనెంప్లాయ్‌మెంట్‌కి అప్లై చేయాలని తెలుసు. కానీ కంపెనీ అడ్డం తిరిగితే ఏం చేయాలో, తమ ఫైల్ తాము అడగొచ్చో లేదో చాలామందికి తెలియదు. తెలియక అప్పీల్ చేయకుండా వదిలేసే డబ్బు చిన్నది కాదు. కాలిఫోర్నియాలో వారానికి గరిష్ఠంగా 450 డాలర్లు, మామూలుగా 26 వారాల వరకు ఇస్తారు. లెక్కేస్తే 11,700 డాలర్లు.

మన దగ్గర టీచరుగానో రెవెన్యూలోనో పనిచేసినవాళ్లని అడిగితే సర్వీస్ రిజిస్టర్ గురించి గంటసేపు చెబుతారు. ఇంక్రిమెంటైనా, సెలవైనా, పనిష్మెంటైనా ఎస్ఆర్‌లో ఎక్కాల్సిందే. వార్షిక రహస్య నివేదికలో రాసిన ప్రతి మాటా ఆ ఉద్యోగికి తెలియజేయాలని 2008లో దేవ్ దత్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులకి 1974 నాటి ప్రైవసీ యాక్ట్ కింద తమ రికార్డు చూసుకునే హక్కుంది. ప్రైవేటు ఉద్యోగికి దేశమంతటా వర్తించే అలాంటి చట్టం లేదు. ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రం ఇచ్చినంతే హక్కు.

కంపెనీ ఎందుకు అడ్డం పడుతుంది

అనెంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్ 1935 సోషల్ సెక్యూరిటీ యాక్ట్‌తో దేశవ్యాప్తమైంది. మొదటి రాష్ట్ర చట్టం మాత్రం అంతకు ముందే, 1932లో, విస్కాన్సిన్‌లో వచ్చింది. ఈ డబ్బు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ కంపెనీలు కట్టే పన్ను నుంచే వస్తుంది. ఉద్యోగి జీతంలోంచి కూడా కొంత కోసేది అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లోనే. ఎవరి మనుషులు ఎక్కువగా క్లెయిమ్ చేస్తే ఆ కంపెనీ పన్ను రేటు పెరుగుతుంది. కాలిఫోర్నియాలో ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి 7,000 డాలర్ల మీద 1.5 నుంచి 6.2 శాతం దాకా పన్ను పడుతుంది. అంటే మనిషికి ఏడాదికి 105 డాలర్లతో సరిపెట్టుకునే కంపెనీ ఉంటుంది, 434 డాలర్లు కట్టే కంపెనీ ఉంటుంది. ఒక్కరి లెక్కలో ఇది చిన్న మొత్తమే. వేలమంది పనిచేసే చోట చిన్నది కాదు. అందుకే చాలా పెద్ద కంపెనీలు క్లెయిములకి జవాబులు రాయడానికి బయటి సంస్థల్ని పెట్టుకుంటాయి. అక్కడ కూర్చుని జవాబు రాసే మనిషి మిమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండరు. వాళ్ల ముందుండేది మీ ఫైల్‌లోంచి పంపిన నాలుగు కాగితాలు మాత్రమే.

ఆ నాలుగు కాగితాల్లో మిస్‌కాండక్ట్ అన్న మాట రుజువు కావాలి. రుజువు చేయాల్సింది కంపెనీయే. మీరే రాజీనామా చేసి వచ్చేస్తే, తగిన కారణం ఉందని చూపించాల్సింది మీరు. ఇక్కడ కంపెనీలు "రాజీనామా చేస్తావా, తీసేయమంటావా" అని అడిగి లెటర్ రాయించుకుంటే, రుజువు చేసే బరువు మెల్లగా ఉద్యోగి నెత్తిమీదకి జరుగుతుంది. అలా రాయించుకున్న రాజీనామాని చాలా రాష్ట్రాల్లో తీసేసినట్టుగానే చూస్తారు. కానీ అలా రాయించుకున్నారని చూపించే ఈమెయిల్ ఎక్కడుంది? మళ్లీ ఆ ఫైల్‌లోనో, వాళ్ల సర్వర్‌లోనో.

మిస్‌కాండక్ట్ అంటే ఏమిటన్నదానికి చాలా రాష్ట్రాలు ఇప్పటికీ 1941 నాటి ఒక విస్కాన్సిన్ తీర్పు నుంచే పాఠం చెప్పుకుంటాయి. బాయింటన్ క్యాబ్ కంపెనీకీ, దాని డ్రైవర్‌కీ మధ్య నడిచిన కేసు అది. యజమాని ప్రయోజనాలని బుద్ధిపూర్వకంగా తోసిరాజంటేనే మిస్‌కాండక్ట్ అని కోర్టు చెప్పింది. పని సరిగా రాకపోవడం, చేతకాకపోవడం, ఎప్పుడో ఒకసారి జరిగిన పొరపాటు, మంచి ఉద్దేశంతో తీసుకున్న నిర్ణయం తప్పిపోవడం, ఇవేవీ మిస్‌కాండక్ట్ కావని అదే తీర్పులో స్పష్టంగా రాసింది. తర్వాత కొన్ని రాష్ట్రాలు ఈ నిర్వచనాన్ని బిగించాయి. విస్కాన్సిన్ కూడా 2013లో "గణనీయమైన తప్పు" అన్న ఇంకో మెట్టు కలిపింది. అయినా అసలు ఆలోచన చెక్కుచెదరలేదు. చేయలేకపోవడం వేరు, కావాలని చేయకపోవడం వేరు.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ఒక్క తేడాయే. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ మనం భయపడే కాగితం పీఐపీ, అంటే పనితీరు మెరుగుపరుచుకోమని రాసిచ్చే పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్. అది చేతికొచ్చిందంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. తిరస్కరణ మీద అప్పీల్ వేశాక జరిగే అనెంప్లాయ్‌మెంట్ హియరింగ్‌లో అదే కాగితం మీ పక్షాన నిలబడొచ్చు. "టార్గెట్లు అందుకోలేదు, డెడ్‌లైన్లు తప్పాయి, ట్రైనింగ్ ఇచ్చాం, ప్రయత్నించాడు కానీ స్థాయి సరిపోలేదు" అని మేనేజర్ స్వయంగా రాసి సంతకం పెట్టి ఉంటే, బాయింటన్ తీర్పు భాషలో అది చేతకానితనమే అవుతుంది. దుష్ప్రవర్తన అవదు. కంపెనీ దాన్ని మీకు వ్యతిరేకంగా రాసుకుంది. జడ్జి ముందు అదే మీ సాక్ష్యం. అందుకే ఫైల్‌లో మనకి నచ్చని కాగితాలుంటాయని అడగకుండా ఊరుకోకూడదు. ఆ నచ్చని కాగితాల కోసమే ముందు అడగాలి.

రెండు ఫైళ్లు, రెండు దార్లు

ఇక్కడ చాలామంది కలగాపులగం చేసుకునే విషయం ఒకటుంది. మీ గురించి ఉన్న ఫైళ్లు రెండు. ఒకటి కంపెనీ దగ్గరున్న పర్సనెల్ ఫైల్. రెండోది రాష్ట్ర అనెంప్లాయ్‌మెంట్ శాఖ దగ్గరున్న క్లెయిమ్ ఫైల్. కంపెనీ మీ గురించి ఆ శాఖకి పంపిన జవాబు, దానికి జతచేసిన కాగితాలు, మీతో ఫోన్‌లో మాట్లాడిన అధికారి రాసుకున్న నోట్సు అన్నీ ఈ రెండో దాంట్లో ఉంటాయి.

రెండోది దాదాపుగా ఎక్కడైనా మీకు దొరుకుతుంది. క్లెయిమ్ తిరస్కరించిన ప్రతి ఒక్కరికీ నిష్పక్షపాతమైన ట్రిబ్యునల్ ముందు న్యాయమైన విచారణ ఉండాలని సోషల్ సెక్యూరిటీ యాక్ట్‌లోనే ఉంది. ఎదుటివాళ్లు ఏం చెప్పారో చూడనివ్వకపోతే అది న్యాయమైన విచారణ ఎలా అవుతుంది? అందుకే అప్పీల్ వేశాక హియరింగ్‌కి ముందు ఆ కాగితాలు చూడనిస్తారు, లేదా హియరింగ్ ప్యాకెట్‌గా ఇంటికే పంపుతారు. టెక్సస్‌లో పర్సనెల్ ఫైల్ చూపించమని ప్రైవేటు కంపెనీని బలవంతపెట్టే చట్టం లేదు. న్యూజెర్సీలోనూ అంతే. డాలస్‌లో, ఎడిసన్‌లో ఇంతమంది మనవాళ్లున్నారు కాబట్టి ఈ సంగతి గట్టిగా చెబుతున్నాను. అక్కడ కంపెనీని బతిమాలుతూ రోజులు పోగొట్టుకోకుండా, ముందు ఈ రెండో ఫైల్ పట్టుకోవాలి.

కంపెనీ పంపకుండా దాచుకున్న కాగితం కావాలంటే ఇంకో దారి సబ్‌పీనా. ఫలానా పత్రాలు తెచ్చి చూపించమని విచారణ అధికారి చేతే ఆదేశం ఇప్పించడం. లాయరు లేకపోయినా అడగొచ్చు. కాకపోతే "నా ఫైల్ మొత్తం కావాలి" అని అడిగితే తోసిపుచ్చే అవకాశం ఎక్కువ. "మార్చిలో ఇచ్చిన పీఐపీ, దానిమీద జరిగిన రెండు రివ్యూ మీటింగుల నోట్సు, టెర్మినేషన్ లెటర్" అని పేరుపెట్టి, అవి ఏ విషయాన్ని రుజువు చేస్తాయో ఒక్కో వాక్యం రాసి అడిగితే కాదనడం కష్టం. హియరింగ్ తేదీకి బాగా ముందే అడగాలి.

పర్సనెల్ ఫైల్ విషయంలో చట్టం గట్టిగా ఉన్నది కాలిఫోర్నియాలో. లేబర్ కోడ్ 1198.5 ప్రకారం ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లే కాదు, మానేసినవాళ్లూ, తీసేసినవాళ్లూ తమ ఫైల్ చూడొచ్చు, కాపీ తీసుకోవచ్చు. రాతపూర్వకంగా అడిగిన 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే 750 డాలర్ల జరిమానా అడగొచ్చు. ఉద్యోగం పోయాక కనీసం 3 ఏళ్లు ఫైల్ దాచిపెట్టాలి. మాజీ ఉద్యోగికి ఏడాదికి ఒక్కసారే ఇస్తే సరిపోతుంది కాబట్టి, అడిగేటప్పుడే కావాల్సినవన్నీ అడగాలి. రిఫరెన్స్ లెటర్లు, నేరం జరిగిందన్న అనుమానంతో చేసిన దర్యాప్తు కాగితాలు మాత్రం ఇందులోకి రావు. మీరు సంతకం పెట్టిన ప్రతి పత్రం కాపీ అడిగే హక్కు సెక్షన్ 432 కింద విడిగా ఉంది. జీతం రికార్డులు 21 రోజుల్లో ఇవ్వాలని సెక్షన్ 226 చెబుతుంది.

చదవడానికి బాగుంది కదా. ఇప్పుడు క్యాలెండర్ తీయండి. కాలిఫోర్నియాలో తిరస్కరణ ఉత్తరం పోస్టు చేసిన రోజు నుంచి అప్పీల్ వేయడానికి ఉన్న గడువు 30 రోజులు. ఫైల్ ఇవ్వడానికి కంపెనీకి ఉన్న గడువూ 30 రోజులే. ఉత్తరం చూసిన మరునాడే ఫైల్ అడిగినా, చట్టం ప్రకారం నడుచుకునే కంపెనీ కూడా అప్పీల్ గడువు దాటాక దాన్ని మీకు పంపొచ్చు. "ఫైల్ చూశాక అప్పీల్ రాద్దాం" అని ఆగినవాళ్లు ఇక్కడే పోగొట్టుకుంటారు. అప్పీల్‌లో పెద్ద కథ అక్కర్లేదు. "ఈ నిర్ణయంతో ఏకీభవించడం లేదు, అప్పీల్ చేస్తున్నాను" అంటే చాలు. సాక్ష్యాలు హియరింగ్‌కి తెచ్చుకోవచ్చు. మసాచుసెట్స్‌లో అప్పీల్ గడువు 10 రోజులే. అయితే అక్కడ పర్సనెల్ రికార్డు 5 పనిదినాల్లో ఇవ్వాలి. టెక్సస్‌లో అప్పీల్‌కి 14 రోజులు. ఎక్కడైనా సరే అప్పీల్ ముందు, ఫైల్ తర్వాత. అప్పీల్ నడుస్తున్నన్ని వారాలూ సర్టిఫికేషన్, అంటే ఇంకా ఉద్యోగం లేదని శాఖకి తెలపడం, చేస్తూనే ఉండాలి. గెలిచాక కూడా, సర్టిఫై చేయని వారాల డబ్బు చేతికి రావడం కష్టం.

ఇల్లినాయ్ చట్టంలో ఒక సెక్షన్ నాకు చాలా నచ్చింది. అక్కడ ఉద్యోగం పోయిన ఏడాదిలోపు ఫైల్ అడగొచ్చు, 7 పనిదినాల్లో ఇవ్వాలి. అసలు బలం అందులో కాదు, నాలుగో సెక్షన్‌లో ఉంది. ఫైల్‌లో ఉండాల్సిన కాగితాన్ని ఫైల్‌లో పెట్టకుండా దాచి, తర్వాత కోర్టులోగానీ కోర్టులాంటి విచారణలోగానీ కంపెనీ దాన్ని వాడుకోకూడదు. కావాలని దాచలేదని విచారణ అధికారికి అనిపిస్తే వాడుకోనివ్వొచ్చు కానీ, అప్పుడు కూడా ఉద్యోగి ఒప్పుకోవాలి, లేదా దాన్ని చదువుకోవడానికి తగిన సమయం ఇవ్వాలి. మిషిగన్ 1978 చట్టంలోనూ ఇలాంటి నిబంధనే ఉంది. ముందు మీకిచ్చిన ఫైల్‌లో కనపడని "ఫైనల్ వార్నింగ్" ఒకటి హియరింగ్ రోజున హఠాత్తుగా పుట్టుకొస్తే, ఈ రాష్ట్రాల్లో ఆ సెక్షన్ చూపించి అభ్యంతరం చెప్పొచ్చు. ఫైల్ ముందే అడిగి తీసుకున్నవాళ్లకే ఈ మాట అనే అవకాశం. అడగనివాళ్లకి అది ఎప్పుడు పుట్టిందో ఎలా తెలుస్తుంది?

ఇంకో చిన్న సాధనం టెర్మినేషన్‌కి కారణం రాతలో అడగడం. మిన్నెసోటాలో తీసేసిన 15 పనిదినాల్లోపు రాసి అడిగితే, 10 పనిదినాల్లో కంపెనీ నిజమైన కారణం రాసివ్వాలి. మిజోరీలో ఏడుగురు లేదా ఎక్కువమంది పనిచేసే కంపెనీల్లో, కనీసం 90 రోజులు చేసినవాళ్లు ఏడాదిలోపు సర్టిఫైడ్ మెయిల్‌లో అడిగితే 45 రోజుల్లో, ఎందుకు తీసేశారో చెప్పే సర్వీస్ లెటర్ ఇవ్వాలి. ఉద్యోగికి ఒక కారణం రాసిచ్చి, ప్రభుత్వానికి ఇంకో కారణం చెప్పిన కంపెనీని జడ్జి ఎంత నమ్ముతారో ఊహించుకోవచ్చు.

ఒక్క వారం తేడా

అన్నిటికంటే బాధ కలిగించేది పెన్సిల్వేనియా కథ. అక్కడ 1978 నుంచి పర్సనెల్ ఫైల్స్ యాక్ట్ ఉంది. ఫిలడెల్ఫియాలోని థామస్ జెఫర్సన్ యూనివర్సిటీ హాస్పిటల్స్‌లో పనిచేసిన ఒకామెని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె దాదాపు వారం తర్వాత తన ఫైల్ చూపించమని అడిగింది. ఆస్పత్రి కాదంది. రాష్ట్ర కార్మిక శాఖ చూపించమంది. రాష్ట్ర అప్పీల్ కోర్టైన కామన్‌వెల్త్ కోర్టు కూడా ఆమె పక్షమే వహించింది. తీసేసిన వెంటనే అడిగింది కాబట్టి ఆమెని ఉద్యోగిగానే చూడాలన్నది ఆ శాఖ, ఆ కోర్టు చెప్పిన మాట. 2017 జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. "ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్నవాళ్లు" అని చట్టంలో ఉంది కాబట్టి తీసేసినవాళ్లు అందులోకి రారని చెప్పింది. తిరిగి ఉద్యోగంలో చేరే హక్కుతో లేఆఫ్ అయినవాళ్లు, సెలవులో ఉన్నవాళ్లు మాత్రమే మినహాయింపు.

చట్టం మాటల ప్రకారం కోర్టు తీర్పు తప్పనలేం. కానీ ఫైల్ అవసరం పడేది ఎప్పుడు? తీసేశాకే. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరూ అడగరు, అడిగితే మేనేజర్ ఏమనుకుంటాడో అని భయం. అడగక తప్పని రోజు వచ్చేసరికి హక్కు పోయింది. ఈ లోపం సరిచేయాల్సింది శాసనసభ. వాషింగ్టన్ రాష్ట్రం 2025లో ఆ పనే చేసింది. మాజీ ఉద్యోగులకి కూడా 21 రోజుల్లో ఫైల్ ఇవ్వాలని, ఇవ్వకపోతే ఆలస్యాన్ని బట్టి 250 నుంచి 1,000 డాలర్ల దాకా కట్టాలని తన చట్టాన్ని దిద్దుకుంది. సియాటిల్, రెడ్‌మండ్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పెన్సిల్వేనియాలో ఫైల్ రాకపోయినా, హియరింగ్‌లో ఒక రక్షణ ఉంది. 1976 నాటి వాకర్ తీర్పు ప్రకారం, విన్నమాట సాక్ష్యానికి మీరు సరిగ్గా అభ్యంతరం చెబితే దానిమీద నిర్ణయం నిలబడదు. చెప్పకుండా ఊరుకుంటే, ఇంకో సాక్ష్యం కాస్త తోడైతే చాలు, దానికీ విలువ వచ్చేస్తుంది. హెచ్ఆర్ మనిషి వచ్చి "మేనేజర్ నాకిలా రాశారు" అని ఒక ఈమెయిల్ చదివితే, ఆ మేనేజర్ హియరింగ్‌కి రాలేదు కాబట్టి ఇది విన్నమాట, నేను అభ్యంతరం చెబుతున్నాను అని అప్పుడే అనాలి. వ్యాపార రికార్డులకు మినహాయింపు ఉంది కాబట్టి ప్రతి కాగితమూ కొట్టుకుపోదు. అయినా నోరు తెరవాలి. పెద్దవాళ్ల ముందు ఎదురు చెప్పకూడదని పెరిగిన మనకి ఇది ఇబ్బందిగా ఉంటుంది. ఆ గదిలో అది మర్యాద తప్పడం కాదు.

మన వాళ్లలో ఎక్కువగా కనిపించే ఇంకో చిక్కు కన్సల్టెన్సీ ఉద్యోగం. పని క్లయింట్ దగ్గర, డబ్ల్యూ-2 (జీతం, పన్ను లెక్కల ఫారం) ఇచ్చేది కన్సల్టెన్సీ, మధ్యలో వెండర్ అనే ఇంకో కంపెనీ. ఫైల్ ఎవర్ని అడగాలి? మామూలుగా డబ్ల్యూ-2 ఇచ్చే కంపెనీనే. క్లయింట్ మేనేజర్ పంపిన ఫిర్యాదు ఆ కంపెనీ ఫైల్‌లోకి చేరి ఉండొచ్చు, చేరకపోవచ్చు. చేరకపోతే సబ్‌పీనా దారే. హెచ్-1బీ (ఒక యజమాని పిటిషన్ మీద ఇచ్చే పని వీసా) మీద ఉన్నవాళ్లకి అనెంప్లాయ్‌మెంట్ మామూలుగా రాదు. ఉద్యోగం పోతే ఇంకో యజమాని పిటిషన్ వేసేదాకా వాళ్లు పనికి అందుబాటులో ఉన్నట్టు కాదని రాష్ట్రాలు చూస్తాయి. చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్, అంటే ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే గడువు. అయినా కాలిఫోర్నియాలాంటి చోట ఫైల్ అడిగే హక్కుకి వీసాతో పనిలేదు.

హియరింగ్‌లో గెలిచాక కంపెనీ పై అప్పీల్‌కి వెళితే డబ్బు ఆగిపోతుందని భయపడేవాళ్లుంటారు. కంపెనీ అప్పీల్ వేసిందన్న ఒక్క కారణంతో, అప్పటికే మంజూరైన డబ్బు ఆపకూడదని 1971లో జావా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. పైన ఓడిపోతే తిరిగి కట్టమని అడగొచ్చు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఉద్యోగంలో ఉండి, పీఐపీ చేతికొచ్చినవాళ్ల గురించి. మసాచుసెట్స్‌లో మీకు నష్టం చేయగల సమాచారం ఫైల్‌లో పెడితే 10 రోజుల్లో మీకు చెప్పాలి. దానికి మీ జవాబు రాసి అదే ఫైల్‌లో పెట్టించుకోవచ్చు. ఒక సేల్స్ ఉద్యోగి అలా పీఐపీకి జవాబు రాసినందుకు అదే రోజు ఉద్యోగం తీసేశారు. జవాబు రాసినందుకు తీసేయడం అక్రమమని, దానిమీద దావా వేయొచ్చని 2021 డిసెంబరులో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. పెన్సిల్వేనియాలో ఉన్నవాళ్లయితే పీఐపీ వచ్చిన ఆ వారంలోనే, బ్యాడ్జి ఇంకా తలుపు తెరుస్తున్నప్పుడే, ఫైల్ చూస్తామని హెచ్ఆర్‌కి రాసి అడగాలి. అక్కడ కాపీ ఇవ్వాలన్న నియమం లేదు, నోట్సు రాసుకోనిస్తారు. వెళ్లేటప్పుడు ఒక నోట్‌బుక్, రెండు పెన్నులు పట్టుకెళ్లండి. ప్రతి కాగితం తేదీ, ఎవరు సంతకం పెట్టారో, మొత్తం ఎన్ని పేజీలో రాసుకోండి.